ప్రెసిడెంటు గారి కారు జాతకం

2010 వేసవిలో నన్ను బందరు షోరూముకి వర్క్స్ మేనేజరుగా వేశారు. కుర్చీ ఇంకా ఒంటికి అలవాటు పడకముందే, నా ఉద్యోగ జీవితం మొత్తం మీద అతి తెలివితక్కువ పని చేశాను. కారు ఏ నిమిషాన పుడుతుందో ఒక పెద్దమనిషికి చెప్పాను. ఆయన అడగలేదు. తెలిసిన విషయాన్ని కడుపులో దాచుకోలేకపోవడం నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. పాలిటెక్నిక్‌లో దానికి మార్కులు పడ్డాయి కాబట్టి అదొక సుగుణం అనుకుంటూ వచ్చాను.

వర్క్స్ మేనేజరంటే ఏమిటో ముందు చెప్పాలి. కార్ల షోరూములో రెండు రాజ్యాలుంటాయి. అద్దాల వైపున్నది సేల్స్ వాళ్ళది. అక్కడ ఏసీ, కాఫీ, మెడలో టై. వెనక రేకుల షెడ్డులో ఉన్నది సర్వీసు వాళ్ళది. అక్కడ గ్రీజు, టీ, మెడలో తువ్వాలు. ఆ వెనక రాజ్యానికి నేను రాజుని. కొత్త కారు కొన్నవాళ్ళ చేతికి వెళ్ళేముందు పీడీఐ అనే తనిఖీ జరుగుతుంది. బ్యాటరీ, టైర్లలో గాలి, ఆయిలు, నట్ల బిగింపు, రంగు మీద గీతలు అన్నీ చూసి నేను సంతకం పెడితేనే గేటు పాసు వస్తుంది. వచ్చినవాళ్ళు నడిపి చూసుకోవడానికి ఉంచే డెమో కారు ఎంపిక కూడా నాదే, ఎందుకంటే దాన్ని బతికించుకోవాల్సింది నేనే. ఈ రెండు అధికారాలూ గుర్తుంచుకోండి. అద్దాల వైపు రాజ్యంలో నాకున్నవి ఆ రెండే.

అంతకు ముందు చెన్నై శివార్లలో ఒక కార్ల ఫ్యాక్టరీలో అసెంబ్లీ లైను మీద పనిచేశాను. మన వర్క్‌షాపులో కారు నిలబడి ఉంటుంది, మనిషి దాని చుట్టూ తిరుగుతాడు. లైను మీద మనిషి నిలబడి ఉంటాడు, కారే ఆయన దగ్గరికి వచ్చి వెళ్తుంది. వినడానికి చిన్న మార్పే. కాని కారు సామాన్యుడి ఇంటి ముందుకొచ్చిందంటే ముఖ్యంగా ఆ మార్పువల్లే. ఒకాయన ఉద్యోగమంతా ఎడమ తలుపు బోల్టులే బిగిస్తాడు. కుడి తలుపు గురించి ఆయనకి ఏ అభిప్రాయమూ ఉండదు. ఆయన బిగించిన తలుపు ఏ కారుకైనా పడుతుంది, ఏ కారు తలుపైనా ఆయనకి పడుతుంది. నిమిషానికి కాస్త తక్కువలో ఒక్కో కారు చొప్పున, ఇడ్లీ పాత్రలోంచి ఇడ్లీల్లాగా దిగుతుంటాయి.

పాత రోజుల సంగతి వేరు. నేను గుడివాడలో పని నేర్చుకుంటున్నప్పుడు కారు తలుపు పాడైతే కొత్తది తెప్పించి, ఆకురాయితో రాసి, సుత్తితో నచ్చజెప్పి, చివరికి భుజంతో తోసి బిగించేవాళ్ళం. ఏ కారు తలుపు ఆ కారుకే సొంతం. అలాంటి బండి ఇంట్లో ఉంచుకోవాలంటే ఒక డ్రైవరు, ఒక మెకానిక్కు, బోలెడంత ఓపిక ఉండాలి. అందుకే ఊరికి ఒక కారు ఉండేది, అది ఊళ్ళో ఒక్కరికే ఉండేది.

మన పెద్దమనిషి ఆ ఒక్కరి కొడుకు. పామర్రు నుంచి గుడివాడ వెళ్ళే దారిలో వాళ్ళ ఊరు. పంచాయతీ ప్రెసిడెంటుగా చేసి చాలా కాలమైంది. పదవి దిగిపోయింది గాని పిలుపు దిగలేదు, అందరూ ప్రెసిడెంటు గారనే అంటారు. ఆ ఊళ్ళో ఎవరికి పురుడొచ్చినా, పాము కరిచినా, పెళ్ళికూతుర్ని అత్తారింటికి పంపాలన్నా వాళ్ళ అరుగు ముందుకొచ్చి నిలబడాల్సిందే. కారు వెంటనే ఇచ్చేవారు కాదట. ముందు పేపరు చదవడం పూర్తవ్వాలి. ఇచ్చాక మాత్రం ఆ ఉపకారాన్ని నలుగురిలో ఏళ్ళ తరబడి చెప్పుకునేవారు. పాము కరిచినవాడు బతికి బయటపడ్డాక, ఆ మాటలు వింటూ ఎందుకు బతికానా అనుకునేవాడని ఆ ఊరివాళ్ళే నాతో అన్నారు.

ఆయన మా షోరూముకి వచ్చేసరికి పొలం వాటాల్లో చీలింది, పాత కారు కొబ్బరిమట్టల కింద తుప్పుపట్టింది. పెద్ద కారు కొనే స్తోమత తగ్గింది, పెద్ద కారున్నట్టు మాట్లాడే స్తోమత తగ్గలేదు. ఆయన అందుకోగలిగింది మేం కొత్తగా అమ్ముతున్న చిన్న కారు ఒక్కటే. అది తెల్లగా, పొట్టిగా, ఎవరినీ ఏమీ అనని మొహంతో ఉండేది. కంపెనీ దాన్ని లక్షల్లో తయారుచేస్తోంది కాబట్టే టీచర్లూ, కిరాణా వ్యాపారులూ బ్యాంకు లోను పెట్టుకుని కొనగలిగే ధరలో ఉంది.

“ఇది మా వైపు ఎవరన్నా కొన్నారా?” అని ఆయన అడిగారు.

సేల్స్ కుర్రాడు గొప్పగా చెప్పాడు. “మీ ఊళ్ళోనే ముగ్గురు కొన్నారండీ! ఆర్‌ఎంపీ డాక్టరు గారు, కిరాణా కొట్టాయన, ఇంకా...”

“చాల్లే” అన్నారు ప్రెసిడెంటు గారు. ఆ మూడో పేరు వినే ధైర్యం ఆయనకి లేకపోయింది. “వాళ్ళకి ఇవ్వనిది ఏదన్నా ఉంటే చూపించు. నాకూ వాళ్ళకీ ఒకటే కారేంటయ్యా?”

దాంతో సేల్స్ వాళ్ళు ఆయనకి ‘స్పెషల్ కిట్’ అమ్మారు. డాష్‌బోర్డు మీద చెక్క రంగు స్టిక్కరు, వెనక డిక్కీ మీద తోకలాంటి రెక్క, కాళ్ళ కింద బంగారు అక్షరాల మ్యాట్లు. ఎగిరే పనిలేని కారుకి రెక్కా, టేకుతో పనిలేని డబ్బాకి టేకు రంగూ. లైను మీద పైసా పైసా కోసి చవక చేసిన బండిని, చవకగా కనపడకుండా చెయ్యడానికి మళ్ళీ ఖర్చుపెట్టడం ఒక పెద్ద పరిశ్రమ. నేను దాని మీదా జీతం తిన్నాను, కనుక ఎక్కువ మాట్లాడను.

ఇన్ని తగిలించినా ఆయన ముఖం విప్పారలేదు. సరిగ్గా అప్పుడే నేను అటు వెళ్ళాను. వెళ్ళినవాణ్ణి ఊరుకోకుండా, ప్రతి కారుకీ చాసిస్ నంబరని ఒకటి లోహం మీద చెక్కి ఉంటుందనీ, అది దేశంలో ఇంకే బండికీ ఉండదనీ, తయారైన నెల కూడా అందులోనే ఉంటుందనీ చెప్పాను. ఆయన కళ్ళలో వెలుగు కనిపించింది. ఆ వెలుగు చూసి ఇంకో మెట్టు ఎక్కాను. ఫ్యాక్టరీలో తెలిసినవాళ్ళుంటే బండి లైను దిగిన నిమిషం కూడా చెప్తారన్నాను.

“నిమిషం కూడానా?”

“నిమిషం కూడానండీ.”

“అయితే జాతకం వెయ్యొచ్చన్నమాట.”

నేను హాస్యమనుకుని గట్టిగా నవ్వాను. చుట్టూ చూస్తే నేనొక్కణ్ణే నవ్వుతున్నాను.

అక్కడినుంచే గుడివాడలో ఉన్న వాళ్ళ సిద్ధాంతి గారికి ఫోను కలిపారు. మనుషుల జాతకానికి జననకాలం కావాలి. కారుకి కాన్పు ఎప్పుడైనట్టు? ఇంజను కూర్చోబెట్టినప్పుడా, చక్రాలు నేలకి తగిలినప్పుడా? ఈ ప్రశ్న మీద ఇద్దరూ చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. ఆఖరికి సిద్ధాంతి గారు నన్ను పిలిచి, లైను చివర ఏమేం చేస్తారని అడిగారు. స్టార్టు చేస్తాం, లైట్లు చూస్తాం, బ్రేకు చూస్తాం, హారన్ కొట్టి చూస్తాం అన్నాను. “అదీ! తొలి ఏడుపు” అన్నారాయన. నిమిషం తేడా వచ్చినా ఫలం మారిపోతుందనీ, కాబట్టి నిమిషం కచ్చితంగా ఉండాలనీ నన్ను హెచ్చరించారు. చెప్పొద్దూ, ఆ హెచ్చరిక నాకు గర్వంగా అనిపించింది. అచ్చు పోసినట్టు దిగే కారు ఈయనకి అచ్చిరావాలట, అందుకు నేను మంత్రసాని సాక్ష్యం చెప్పాలట.

ఒక మాట ఒప్పుకోవాలి. నేనూ నా స్కూటరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించినవాణ్ణే. పూజల్ని వెక్కిరించే అర్హత నాకు లేదు. కాని నిమ్మకాయ ఇంకొకరి వరుసలో దూరదు. ఈ జాతకం దూరింది.

వరుస అంటే బుకింగ్ వరుస. ఆ రోజుల్లో ఆ కారుకి గిరాకీ ఎక్కువ, సరుకు తక్కువ. ముందు బుక్ చేసుకున్నవాళ్ళకి ముందు ఇవ్వాలి. ఫ్యాక్టరీ నుంచి కార్లు పెద్ద లారీలో లోడుగా వస్తాయి. లోడు బయలుదేరగానే చాసిస్ నంబర్లు మాకు అందుతాయి, బుకింగ్ వరుసలో ఏ కారు ఎవరిదో రాసేస్తారు. తెల్ల కార్ల వరుసలో మొదటి పేరు పెడన కరీముల్లా గారిది.

కరీముల్లా గారు కలంకారీ అద్దకం పనివారు. బుక్ చేసిన దగ్గర్నుంచీ బందరు వచ్చినప్పుడల్లా సేల్స్ వాళ్ళ కాఫీ వదిలేసి మా షెడ్డులోకొచ్చి టీ తాగేవారు. నేను లైను గురించి చెప్తే వాళ్ళ అద్దకపు బల్ల గురించి ఆయన చెప్పేవారు. పొడుగాటి బల్ల మీద బట్ట పరిచి, చెక్క అచ్చుని రంగులో ముంచి అద్దుకుంటూ పోవడమే. ప్రెసిడెంటు గారి ‘స్పెషల్’ గొడవ చెప్తే పడీపడీ నవ్వారు.

“మా చీరలు కొనేవాళ్ళూ ఇంతే సార్. ‘ఇలాంటిది ఇంకెవరికీ ఇవ్వలేదుగా’ అంటారు. ‘లేదమ్మా, మీకోసమే వేశాం’ అంటాం. ఇంట్లో అదే అచ్చు తడారకుండా ఇంకో చీర మీద పడతా ఉంటది.”

ఆయనకి కారు షోకు కోసం కాదు. ఆషాఢంలో విజయవాడలో చేనేత వస్త్రాల ప్రదర్శన పెడతారు. శ్రావణమాసం చీరల బేరాలన్నీ అక్కడే కుదురుతాయి. కిందటేడు మూటలు బస్సు టాపు మీద వేసుకుని వెళ్తుంటే పామర్రు దాటాక వాన పట్టుకుంది. మూట విప్పేసరికి చీర మడతలన్నిటి మీదా నీళ్ళ చారలు. పెద్ద ఆర్డరు ఇస్తానన్న షావుకారు ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు. ఈ ఏడు బతిమాలుకుంటే మళ్ళీ ఒక్కసారి చూస్తానన్నాడట. ఈసారి కూడా తడిస్తే ఆ షావుకారూ ఉండడు, ఆ బల్ల మీద అద్దకం వేసే పనివాళ్ళకి శ్రావణమూ ఉండదు. వ్యాను మాట్లాడుకోవచ్చుగా అన్నాను.

“మన వైపు వ్యాన్లన్నీ రొయ్యలకీ చేపలకీ తిరిగేవే సార్. అందులో చీరలు పెడితే కొన్నావిడ కట్టుకోదు, వండుకుంటుంది” అన్నారు.

లోడు బయలుదేరిన రోజు ఫ్యాక్టరీలో ఉన్న నా పాత సహోద్యోగికి ఫోను చేసి నిమిషాలు అడిగాను. ఆయన ముందు నమ్మలేదు, తర్వాత నవ్వాపుకోలేదు, చివరికి చెప్పాడు. రాసుకుని, మా యజమాని గదిలో ప్రెసిడెంటు గారి సమక్షంలో సిద్ధాంతి గారికి ఫోనులో ఒక్కొక్కటే చదివాను. లారీలో ఎక్కించిన వరుసలో చదువుతున్నాను, అది చాసిస్ నంబర్ల వరుస కాదు. ఒకదాని దగ్గర ఆయన “ఆగండాగండి” అని లెక్కలు వేసి, “ఇదే. రాజయోగం ఉంది. ఇంక చదవక్కర్లేదు” అన్నారు.

ఆ కారు కరీముల్లా గారి పేరున రాసిన కారు.

అది వేరొకరిదని చెప్పాను. మా యజమాని చేత్తో ఈగని తోలినట్టు తోలారు. “ఎవరో అద్దకాలాయనేగా, తర్వాత లోడులో ఇద్దాం. ప్రెసిడెంటు గారు మన బండి ఎక్కితే గుడివాడ వైపంతా మనదేనండీ” అన్నారు. తర్వాత లోడు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. ఇంతకీ ప్రెసిడెంటు గారు ఆ కారు వెంటనే తీసుకెళ్తారా అంటే అదీ లేదు. ఆషాఢంలో కొత్త బండి తీసుకోరట. శ్రావణం వచ్చేదాకా మా యార్డులోనే గుడ్డ కప్పి ఉంచాలట. రాజయోగం యార్డులో పడుకుంటుంది, చీరల మూటలు బస్సు టాపు ఎక్కుతాయి.

నేను తల దించుకుని చేతిలో కాయితం వైపు చూశాను. చదవకుండా మిగిలిన వాటిలో మొదటి కారుకి ఎదురుగా కూడా అదే నిమిషం ఉంది. చెప్పాను కదా, నిమిషానికి కాస్త తక్కువలో ఒకటి దిగుతుంది, కాబట్టి అప్పుడప్పుడు ఒకే నిమిషంలో రెండు పడతాయి. లైను మీద ఈ రెండూ ముందూ వెనకా నడిచాయి. ఆ రెండోది ఎవరి పేరునా రాయలేదు. డెమో కోసం అట్టేపెట్టిన కారు. నోరు తెరవబోయి, మూసుకున్నాను. నా ఉద్యోగంలో తెలిసిన విషయం చెప్పకుండా ఊరుకున్నది ఆ ఒక్కసారే.

మర్నాడు కరీముల్లా గారు వచ్చారు. ఆయన కారు ఇంకొకరికి పోయిన వైనం చెప్పాను.

“అంటే మాకూ కారుకీ జాతకాలు కుదరలేదా సార్?”

“మీకూ కుదిరిందండీ. ఆయనకి మీకంటే బాగా కుదిరిందట.”

“నా బండికి జాతకం వద్దు సార్. బ్రేకులుంటే చాలు, డిక్కీ మూత పడితే ఇంకా మంచిది” అని నవ్వారు. తర్వాత నవ్వు ఆగింది. “అయితే ఎగ్జిబిషన్‌కి అందదన్నమాట” అన్నారు మెల్లిగా. టీ గ్లాసు సగం తాగి బెంచీ మీద పెట్టేశారు.

నేను యజమాని గదికి వెళ్ళి, పాత డెమో కారు ఇంకో ఏడాది లాగుతుంది, కొత్తది అవసరం లేదు, దాన్ని అమ్ముకోవచ్చు అన్నాను. అమ్ముకోవచ్చు అనే మాట మా యజమానికి చెవిలో తేనె. ఎవరికని కూడా అడగలేదు. లోడు దిగిన రోజే పీడీఐ దగ్గరుండి చేయించాను. ప్రతి నట్టూ నేనే తిప్పి చూశాను. ఆషాఢమాసం, జోరున వాన, ముహూర్తం లేదు, మేళం లేదు. కరీముల్లా గారు వెనక సీటు మడిచి, డిక్కీ మూత వేసి చూసుకుని, “పట్టింది సార్” అన్నారు. అంతే, వెళ్ళిపోయారు. విజయవాడ నుంచి ఫోను చేసి, షావుకారు మూట విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని మరీ చూశాడనీ, ఆర్డరు రాశాడనీ చెప్పారు.

శ్రావణంలో ప్రెసిడెంటు గారు కొబ్బరికాయలతో, వీడియోతో, బంధువులతో వచ్చి కారు తీసుకెళ్ళారు. జాతకం ప్లాస్టిక్ కాయితంలో అతికించి డాష్‌బోర్డు మీద, చెక్క స్టిక్కరు పక్కన అంటించారు. దేశంలోనే జాతకం ఉన్న మొట్టమొదటి కారని గుడివాడ సెంటర్లో, బంటుమిల్లిలో వియ్యాలవారి ఇంట్లో, దివిసీమలో ఎవరిదో గృహప్రవేశంలో చెప్పుకున్నారని నా చెవిన పడుతూనే ఉంది. ఆర్‌ఎంపీ డాక్టరు గారి కారు పక్కన తన కారు ఆపేవారు కాదట, సాంకర్యం అవుతుందని కాబోలు.

సర్వీసుకి ఎవరు ఏ రోజు రావాలో పిలిచి చెప్పేది మా వాళ్ళే. కరీముల్లా గారి రెండో ఉచిత సర్వీసూ, ప్రెసిడెంటు గారి మొదటి ఉచిత సర్వీసూ ఒకే రోజుకి వేయించి, రెండు కార్లనీ పక్కపక్క బేలలో పెట్టించాను. బే అంటే ఒక కారు నిలబెట్టి పనిచేసే గడి. ప్రెసిడెంటు గారితో పాటు సిద్ధాంతి గారూ దిగారు. జాతకం రాసినందుకు సంభావనగా బందరు దాకా షికారు కాబోలు. సీట్ల మీద ఫ్యాక్టరీ వేసిన ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తియ్యలేదు. ఇద్దరి చొక్కాలూ వీపుకి అతుక్కుపోయి ఉన్నాయి.

దిగుతూనే ప్రెసిడెంటు గారు కేకేశారు. “ఏవయ్యా మేనేజరూ, అంత జాతకం ఉన్న బండికి హారన్ మూగబోయిందేంటి? మీ పనితనం ఇదేనా?”

బానెట్ ఎత్తి చూస్తే, స్పెషల్‌కి ఇంకో స్పెషల్‌గా గుడివాడలో ఎక్కడో ఒక లారీ హారన్ కూడా బిగించారు. దాని తీగ కంపెనీ హారన్ తీగకే కలిపారు. ఆ బరువుకి ఫ్యూజు పోయింది. ఫ్యూజంటే కరెంటు ఎక్కువైతే తాను కాలిపోయి మిగతా వాటిని కాపాడే చిన్న ముక్క. సంగతి చెప్పాను. గుడివాడ మెకానిక్కు తన మనిషనీ, వాడి పనిలో తప్పుండదనీ, కంపెనీ ఫ్యూజే నాసిరకమనీ అన్నారు.

అనుమానం ఉన్న ముక్క తీసి, బాగా పనిచేస్తున్న బండిలోంచి అదే ముక్క తెచ్చి పెట్టి చూడటం మా వృత్తిలో మామూలు పరీక్ష. నిజానికి స్టోరులో కొత్త ఫ్యూజులు డబ్బాడు ఉన్నాయి. అయినా ముందు లారీ హారన్ తీగ పీకించి, పక్క బే వైపు తిరిగాను.

“కరీముల్లా గారూ, మీ హారన్ ఫ్యూజు ఒకసారి ఇస్తారా?”

“తీసుకోండి సార్. మళ్ళీ ఇస్తారుగా? మా వస్తువులు జాతకం చూసుకుని వెళ్ళిపోతన్నాయి ఈ మధ్య.”

ఆయన కారులోది తీసి ఈయన కారులో పెట్టి హారన్ నొక్కాను. శుభ్రంగా మోగింది.

ప్రెసిడెంటు గారు అదోలా చూశారు. “అదేంటయ్యా, ఆయన కారుది నా కారుకి ఎట్టా పట్టింది?”

“రెండూ ఒకటే గనకండీ” అన్నాను. “ఫ్యూజే కాదు, తలుపు తీసి పెట్టినా పడుతుంది. అలా పడుతుంది గనకే ఈ ధరకి మీకొకటి, ఆయనకొకటి వచ్చాయి.”

మీకొకటి అన్న మాట ఆయనకి నచ్చలేదు. తనది వేరనీ, జాతకం చూసి ఏరిన బండి అనీ మొదలుపెట్టారు. నేను వినయంగా సిద్ధాంతి గారి వైపు తిరిగి, ఒక సందేహం ఉందన్నాను. ఒకే ఊళ్ళో, ఒకే నిమిషంలో ఇద్దరు పుడితే జాతకం ఎలా చెప్తారు?

“ఒకటే జాతకం నాయనా. అందులో రెండో మాట లేదు” అన్నారాయన.

అప్పుడు రెండు బానెట్లూ ఎత్తించి రెండు చాసిస్ నంబర్లూ పైకి చదివాను. చివరి అంకెలో ఒకటే తేడా. ఆ తర్వాత ఫ్యాక్టరీవాళ్ళు చెప్పిన నిమిషం చెప్పాను. రెండింటికీ ఒకటే నిమిషం. సిద్ధాంతి గారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ప్రెసిడెంటు గారి వైపు చూడకుండా, “కవలలేనండీ” అన్నారు.

“అదెట్టా? ఆయనది ఆషాఢంలో తీసుకెళ్ళారు. నాది శ్రావణ శుక్రవారం!”

“తీసుకెళ్ళిన ముహూర్తం వేరేనండీ. జననం మారదు కదా.”

ఆయన ప్రెసిడెంటు గారి ఉప్పు తింటున్నా లెక్క తప్పలేదు. అందుకు ఆ రోజే ఆయన మీద నాకు కాస్త గౌరవం కలిగింది.

కరీముల్లా గారు తువ్వాలు భుజాన వేసుకుని దగ్గరికొచ్చారు. “అయితే బావగారూ, కవల పిల్లల్ని చెరొకళ్ళని పెంచుకుంటన్నామన్నమాట! ఏదీ, ఆ అంటించిన జాతకం ఓసారి చదివి పెట్టండి. మా దానికీ అదేగా. రాజయోగం ఉందో లేదో తెలియక పాపం దాని చేత మూటలు మోయిస్తన్నాను.”

లైను మీద వరుసలో నడిచినందుకు ఆయన వరుస కలిపేశారు. షెడ్డులో స్పానర్లు ఆగిపోయాయి. ఎవరో దగ్గుతున్నట్టు నవ్వారు. తర్వాత దగ్గకుండానే నవ్వారు. కరీముల్లా గారి ఫ్యూజు ఆయన కారులోకి వెళ్ళిపోయింది. ప్రెసిడెంటు గారి కారుకి కొత్తది స్టోరులోంచి తెప్పించి వేశాం. సర్వీసు అయ్యేదాకా ప్రెసిడెంటు గారు కస్టమర్ల గదిలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. వెళ్ళేటప్పుడు కోపంగా హారన్ కొట్టారు. పక్క బేలోంచి కరీముల్లా గారు తిరిగి కొట్టారు. రెండూ ఒకే గొంతు. తొలి ఏడుపు కూడా అంతే అయ్యుంటుంది.

ఈ ఉదంతం వల్ల నేను తెలుసుకున్నది ఎక్కువేమీ లేదు. అందరికీ ఒకే కారు చెయ్యడం వల్ల కారు చవకైంది. తనకి అందరిలాంటి కారేమిటని విసుక్కునేవాడు ఆ చవకని వద్దనుకోడు, దాన్ని పక్కవాడికి అందకుండా చెయ్యాలని మాత్రం చూస్తాడు. ఆ లైనే లేకపోతే ప్రెసిడెంటు గారు కూడా కరీముల్లా గారి పక్కన బస్సు కోసం నిలబడేవారు. ఆ సంగతి ఆయనకి చెప్పే అధికారం నాకు లేదు. సర్వీసు వరుస నిర్ణయించే అధికారం మాత్రం ఉంది.

కాబట్టి నేను రిటైరయ్యేదాకా ఆ రెండు కార్లనీ ఒకే రోజు పిలిపించాను, పక్కపక్క బేలలోనే పెట్టించాను. ప్రతిసారీ ముందు కరీముల్లా గారి కారు మీదే చెయ్యి వేయించాను. ప్రెసిడెంటు గారు ఒకసారి సర్వీస్ అడ్వైజరుని నిలదీశారు, తన బండి పొద్దున్నే వచ్చి నిలబడితే వెనకొచ్చినదానికి ముందెందుకని. ఆ అబ్బాయి నన్ను చూపించాడు.

నేను చేతులు కట్టుకుని చెప్పాను. “ఆయన బండి చాసిస్ నంబరు మీ దానికంటే ఒకటి తక్కువండీ. లైను మీద అదే ముందు దిగింది. కవలల్లో పెద్దదానికే ముందు మర్యాద చెయ్యాలి కదా?”